న్యాయదేవతకు గంతలు కట్టింది గ్రీకులు కాదు: అపోహలు - వాస్తవాలు

అపోహ: న్యాయదేవత గంతలు, త్రాసు, కత్తి మూడూ గ్రీకు దేవత థెమిస్‌వే.

వాస్తవం: గంతలైతే అసలే కావు. 1494లో బాసెల్‌లో అచ్చయిన ‘మూర్ఖుల ఓడ’ అనే వ్యంగ్య కావ్యంలో ఒక బొమ్మ ఉంది. న్యాయదేవత త్రాసు, కత్తి పట్టుకుని కూర్చుంటే, వెనక నిలబడ్డ విదూషకుడు ఆమె కళ్ళకు గుడ్డ కడుతుంటాడు. అయినదానికీ కానిదానికీ కోర్టుకెక్కేవాళ్ళ మీద వెటకారమది. 1543 నాటి బెర్న్ ఫౌంటెన్ విగ్రహానికి వచ్చేసరికి అవే గంతలు నిష్పక్షపాతానికి గుర్తయ్యాయి. మన సుప్రీంకోర్టు కొత్త విగ్రహానికి గంతలు లేవని 2024లో పెద్ద చర్చే జరిగింది. ఆ ఒక్క విషయంలో అది పాత గ్రీకు రూపానికే దగ్గర.

అపోహ: థెమిస్ తీర్పులిచ్చే దేవత.

వాస్తవం: ఆమె పని సభ నడపడం. హోమర్ కావ్యం ఇలియడ్ 20వ సర్గలో దేవతల రాజు జ్యూస్ చెబితే దేవతలందర్నీ పిలుచుకొచ్చేది ఆమే. మనుషుల సభలు కూర్చేదీ ముగించేదీ ఆమేనని హోమర్ రెండో కావ్యం ఒడిస్సీ రెండో సర్గలో కథానాయకుడి కొడుకు టెలిమాకస్ అంటాడు. గ్రీసులోని డెల్ఫీ గుడిలో భవిష్యవాణి పీఠం కూడా అపోలో దేవుడి కంటే ముందు ఆమెదే. బెర్లిన్‌లో ఉన్న క్రీ.పూ. 440-430 నాటి మట్టి పాత్ర మీద ముక్కాలి పీఠంపై కూర్చుని ఉంటుంది, ఒక చేతిలో లారెల్ రెమ్మ, ఇంకో చేతిలో తర్పణ పాత్ర. ఎదురుగా ఏథెన్స్ రాజు ఏజియస్. త్రాసు లేదు, కత్తి లేదు.

అన్యాయం చేసినవాళ్ళ సంగతి చూసేది థెమిస్ కూతురు, న్యాయానికి దేవత అయిన డికే. తండ్రి జ్యూస్ పక్కన కూర్చుని ఎవరెవరు ఏం చేశారో చెబుతుంది. గ్రీసులోని ఒలింపియాలో ఉండే, బొమ్మలు చెక్కిన కిప్సెలస్ పెట్టె మీదైతే ఒక చేత్తో అన్యాయం అనే స్త్రీ గొంతు నులుముతూ, రెండో చేత్తో కర్ర పెట్టి బాదుతూ ఉండేదని గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు.

అపోహ: కన్యారాశి డికే కాబట్టి, పక్కనున్న తుల ఆమె త్రాసే.

వాస్తవం: మొదటి సగం గ్రీకు కవి ఆరాటస్ మాటే. కానీ అతని కావ్యంలో తుల చుక్కలు త్రాసు కావు, పక్కనున్న వృశ్చికం అనే తేలు ముందరి డెక్కలు. ఇలియడ్‌లో బంగారు త్రాసు పట్టేది జ్యూస్, తూచేది మృత్యువును.

పాత విగ్రహం ఏ దేవతదో గుర్తుపట్టేటప్పుడు చేతుల్లో ఏముందో చూసి తేల్చేయకండి. పాలరాతిలో ముందు విరిగేవి చేతులే, తర్వాత అతికించినవాళ్ళు తమకు తోచింది పెడతారు. రాయి రంగు మారిందా, అతుకు గీత ఉందా చూసి, పీఠం మీది శాసనం చదవండి. గ్రీసులోని రామ్నూస్‌లో దొరికిన 2.22 మీటర్ల థెమిస్‌కు శాసనమే ఆధారం. రోమన్ నాణేలతో ఇంకా జాగ్రత్త: త్రాసు, పళ్ళు నిండిన కొమ్ము న్యాయబద్ధతకు దేవత ఈక్విటాస్‌కూ ఉంటాయి, నాణేల దేవత మొనేటాకూ ఉంటాయి. అంచున ఉన్న అక్షరాలే తేల్చాలి.