వెలుగు తగ్గితే విషం ఉన్నట్టు

ఒడిశాలోని రాయగడ జిల్లాలో, గుణుపురం పక్కల పత్తి వేసే మన తెలుగువాళ్లకు మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు పేరు కొత్త కాదు. చేలో కొట్టిన మందు వానకు కొట్టుకుపోయి బావిలోనో వాగులోనో చేరితే? తాగునీటిలో అది లీటరుకు 1 మైక్రోగ్రాము మించకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ హద్దు పెట్టింది. పది లక్షల లీటర్లకు ఒక గ్రాము అన్నమాట. అంత తక్కువ మోతాదు కంటికీ నాలుకకూ అందదు. దాన్ని వెలుగుతో పట్టే పరీక్ష ఒకటుంది.

మామూలు రంగు పరీక్షలో ద్రావణం గుండా దీపపు వెలుగు పంపి, ఎంత తగ్గిందో చూస్తారు. లేశమాత్రపు పదార్థం వల్ల వచ్చే తేడాను అంత వెలుగులో పట్టుకోవడం పట్టపగలు మిణుగురును వెతకడమే. రసాయన చర్యే వెలుగునిస్తే దీపం అక్కర్లేదు. పెట్టెలో కటిక చీకటి, ఒక్కొక్క ఫోటాన్‌నూ, అంటే వెలుగు కణాన్నీ, పసిగట్టే ఫోటోమల్టిప్లయర్ గొట్టం ఉంటే చాలు.

ఇందుకు బాగా వాడేది లూమినాల్ అనే రసాయనం. క్షార ద్రావణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే అది నీలంగా వెలుగుతుందని 1928లో ఆల్‌బ్రెక్ట్ అనే రసాయన శాస్త్రవేత్త రాశాడు. నూరు అణువులు చర్య జరిపితే ఫోటాన్ ఇచ్చేది సుమారు ఒక్కటే. నాసిరకం దీపమే, కానీ చీకట్లో అదే ఎక్కువ.

పురుగుమందు తనంతట తాను వెలగదు. అసలు తెలివంతా ఇక్కడే ఉంది. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్, నరాల కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విడగొట్టి కోలిన్ ఇస్తుంది. ఇంకో ఎంజైమ్ ఆ కోలిన్ నుంచి పెరాక్సైడ్ పుట్టిస్తుంది. దానితో లూమినాల్ వెలుగుతుంది. నీటిలో మోనోక్రోటోఫాస్ ఉంటే మొదటి ఎంజైమ్‌నే పట్టి కూర్చుంటుంది. వెలుగు తగ్గుతుంది. ఎంత తగ్గిందో అదే విషం లెక్క. పురుగు నరాలను దెబ్బతీసేదీ, మందు కొట్టిన రైతుకు కళ్లు మసకబారి నోట్లో నీళ్లూరేలా చేసేదీ ఈ పట్టే. చంపే దారినే కొలిచే దారిగా మార్చుకోవడం నాకు భలే నచ్చింది.

చిక్కు లేకపోలేదు. బోరునీటిలో ఇనుమో రాగో ఉంటే అవీ లూమినాల్‌ను వెలిగిస్తాయి. అప్పుడు విషం ఉన్న నీళ్లు కూడా మంచివిగా కనబడతాయి, అదీ ప్రమాదం. అందుకే ఎంజైములు కలపని అదే నీటిని పక్కన పెట్టి, దాని వెలుగును తీసివేస్తారు. పైగా మొదటి ఎంజైమ్‌ను కార్బమేట్ అనే మరో రకం పురుగుమందులూ అడ్డుకుంటాయి, కాబట్టి ఏ మందో ఇది చెప్పలేదు. వెలుగు తగ్గిన సీసాలను మాత్రం పదార్థాలను విడదీసి గుర్తించే క్రొమటోగ్రఫీ ఉన్న ప్రయోగశాలకు పంపాలి. మిగతావాటికి ఆ ఖర్చు తప్పుతుంది.