ఫస్ట్ కాపీ వాచీ వెనక మూత తీస్తే

తిరుపతి గాంధీ రోడ్డు మీద ఫ్యాన్సీ షాపుల్లో గాజు పెట్టెలో వరసగా పేర్చిన వాచీలు చూసే ఉంటారు. స్విట్జర్లాండులో తయారై లక్షలు పలికే పేర్లు డయల్ మీద మెరుస్తుంటాయి. ధర మాత్రం వేలల్లో, బేరమాడితే వందల్లో. "ఫస్ట్ కాపీ సార్" అని షాపతను చెప్పేస్తాడు, అందులో దాపరికం ఏమీ ఉండదు. వాటిలో చాలా వరకు బ్యాటరీతో నడిచేవే, వాటి జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. కాస్త ఎక్కువ ధరకు ఆటోమేటిక్ రకం ఉంటుంది. సెకన్ల ముల్లు టక్కుటక్కున గెంతకుండా సాఫీగా జారుతున్నట్టు కనిపిస్తుంది. దాని వెనక మూత తీసి చూస్తే తమాషా ఏమిటంటే, అక్కడ నకిలీది ఏదీ కనబడదు. డయల్ మీది పేరు అబద్ధం కావచ్చు గానీ, లోపల ఊగే చక్రం మాత్రం 17వ శతాబ్దపు డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ చెప్పిన సూత్రం ప్రకారమే ఊగుతుంది. ఇలాంటి చవక వాచీలను విప్పి, సరిచేసి సానబెట్టే అభిరుచిలో నాకు రుచించేది ఆ భాగమే.

చట్టం సంగతి ముందే చెప్పుకుందాం. ఇంకొకరి పేరు అచ్చుగుద్ది అమ్మడం నేరం. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం అలాంటి సరుకు అమ్మినవాళ్లకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. లోపలి యంత్రం సంగతి వేరు. పేటెంటుకు ఆయుష్షు 20 ఏళ్లే. స్విస్ కంపెనీ ఈటీఏ తయారుచేసిన 2824-2 అనే యంత్రానికి ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. అందుకే దాని నమూనాలో చైనా ఫ్యాక్టరీలు యంత్రాలు తయారుచేసి తమ పేరుతోనే అమ్ముకుంటున్నాయి, అందులో తప్పేమీ లేదు. కాబట్టి ఈ సరదా మొదలుపెట్టాలనుకునేవాళ్లు పేరు లేని డయల్‌తో, ఇలాంటి యంత్రంతో వచ్చే వాచీ కొనుక్కోవచ్చు. లేదంటే జపాన్ సైకో వాళ్ల ఎన్‌హెచ్35 యంత్రం ఉన్నది తీసుకోవచ్చు. నకిలీ వాచీలో తేదీ అంకె అసలు దానిలా ఉందా, అంచు వంపు సరిగ్గా అతికిందా అని నెలల తరబడి తంటాలు పడేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి గానీ, అబద్ధాన్ని ఇంకా నున్నగా చేసే ఆ పనిలో సైన్సు తక్కువ.

మెకానికల్ వాచీకి శక్తినిచ్చేది చుట్టచుట్టుకుని ఉండే మెయిన్ స్ప్రింగు. కీ ఇస్తే అది బిగుసుకుంటుంది. ఆటోమేటిక్‌లో అయితే చెయ్యి కదిలినప్పుడల్లా అర్ధచంద్రాకారపు రోటర్ తిరిగి దాన్ని బిగిస్తుంది. ఆ శక్తి బుస్సున ఒక్కసారే విడుదలైపోకుండా కొంచెం కొంచెంగా వదిలేది ఎస్కేప్‌మెంట్. ఎప్పుడు వదలాలో దానికి చెప్పేది బ్యాలెన్స్ చక్రం. ఉయ్యాల ఊగే పిల్లను సరైన క్షణంలో వేలితో తోసినట్టు, ఎస్కేప్‌మెంట్ ఆ చక్రానికి ప్రతి ఊపులోనూ చిన్న తోపు ఇస్తుంది. చక్రాన్ని మళ్లీ వెనక్కి లాగేది దాని మధ్యన ఉండే హెయిర్ స్ప్రింగు. 1675లో క్రిస్టియాన్ హైగెన్స్ ఈ చుట్ట స్ప్రింగు పెట్టేవరకూ జేబు గడియారాలు రోజుకు అరగంట అటూ ఇటూ తప్పుతూ ఉండేవి. అది వచ్చాక తేడా నిమిషాల్లోకి దిగింది.

ఈ స్ప్రింగు గొప్పతనం తిరుపతి వాళ్లకు తేలికగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. లోలకం గడియారం భూమి ఆకర్షణ మీద ఆధారపడి నడుస్తుంది. కింద తిరుపతిలో కచ్చితంగా సరిచేసిన లోలకం గడియారాన్ని ఘాట్ రోడ్డులో తిరుమలకు తీసుకెళ్లారనుకోండి. దాదాపు 700 మీటర్లు పైకి వెళ్లేసరికి గురుత్వం రవ్వంత తగ్గుతుంది, ఆ గడియారం రోజుకు కొన్ని సెకన్లు వెనకబడుతుంది. చేతి వాచీలో చక్రాన్ని వెనక్కి లాగేది భూమి కాదు, స్ప్రింగు. అందుకే అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వెళ్లినా ఎత్తు వల్ల దాని నడకలో అలాంటి తేడా రాదు. సెల్‌ఫోను డిపాజిట్ చేసి క్యూ కాంప్లెక్సులో కూర్చున్నాక టైము తెలియాలంటే చేతికి వాచీ ఉండాల్సిందే కదా, అక్కడ ఈ సంగతి గుర్తు చేసుకోవచ్చు.

చవక ఆటోమేటిక్ యంత్రాలు చాలావరకు గంటకు 21,600 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకు 6. ఖరీదైన స్విస్ యంత్రాలు ఎక్కువగా 28,800, అంటే సెకనుకు 8. పాత హెచ్‌ఎంటీ జనతా 18,000, సెకనుకు 5. సెకనుకు 6 అంటే రోజుకు 5,18,400 దెబ్బలు. వాచీ రోజుకు 10 సెకన్లు ముందుకు పోతోందంటే, అది 60 దెబ్బలు ఎక్కువ కొడుతోందని అర్థం. 5 లక్షల 18 వేల చిల్లరలో 60! శాతంలో చెబితే 0.012 కన్నా తక్కువ. మనం "అబ్బే, ఇది టైము చూపించడం లేదు" అని విసుక్కునే వాచీ కూడా లెక్కల్లో 99.98 శాతం మార్కులు తెచ్చుకునే పిల్లవాడే. ఎన్‌హెచ్35కి తయారీదారు ఇచ్చే హామీ రోజుకు 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు వరకు. స్విట్జర్లాండులో క్రోనోమీటర్ సర్టిఫికెట్టు ఇచ్చే కాస్క్ సంస్థ 15 రోజుల పాటు ఐదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో పరీక్షించి, రోజుకు సగటున 4 సెకన్లు వెనక నుంచి 6 సెకన్లు ముందు వరకే అనుమతిస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ఇంట్లో బల్ల మీద ఎంతవరకు తగ్గించగలం అన్నదే అసలు ఆట.

చక్రం ఎంత వేగంగా ఊగుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి చక్రం బరువు ఎలా పరుచుకుని ఉందన్నది, రెండోది స్ప్రింగు బిరుసు. స్ప్రింగు పొడవు తగ్గితే బిరుసు పెరుగుతుంది, వాచీ ముందుకు పోతుంది. ఊపుకు పట్టే కాలం పొడవు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. కాబట్టి రోజుకు 10 సెకన్లు సరిచేయాలంటే పొడవు 0.023 శాతం మారితే చాలు. స్ప్రింగును విప్పి చాస్తే 10 సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. అందులో 0.023 శాతం అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతు లోపే, వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. ఆ మార్పు చేయడానికే రెగ్యులేటర్ అనే చిన్న మీట ఉంటుంది. దాని కొన దగ్గర స్ప్రింగును అటూ ఇటూ పట్టుకునే రెండు చిన్న పిన్నులు ఉంటాయి. మీటను జరిపితే స్ప్రింగులో పనిచేసే పొడవు మారుతుంది.

వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకరు ఈ పని చూసి నవ్వేవారు. "బాగా ఆడతా ఉండే వాచీని దేనికి ఇప్పుతావు నాయనా?" అని ఆయన ప్రశ్న. న్యాయమైనదే. కానీ కంటికి లూప్ అనే చిన్న భూతద్దం పెట్టుకుని ఒకసారి లోపలికి చూస్తే చెయ్యి ఊరుకోదు. బ్యాలెన్స్ చక్రం పైన వంతెనలాంటి రేకు, దాని మీద ప్లస్సు, మైనస్సు గుర్తులు, పక్కపక్కనే రెండు సన్నని మీటలు. ఒకటే రెగ్యులేటర్. రెండోది స్ప్రింగు బయటి కొసను పట్టుకునేది, అది బీట్ ఎర్రర్ కోసం, అంటే టిక్కుకీ టాక్కుకీ మధ్య వ్యవధిలో ఉండే తేడాను సరిచేయడానికి. కొత్తవాళ్లు ఈ రెండోదాన్ని జరిపి, టైము ఎందుకిలా చెడిందని తల పట్టుకుంటారు. స్టీలు పట్టకారు కొనతో కాకుండా సన్నగా చెక్కిన వెదురు పుల్లతో, జరిగిందా లేదా అన్నంత మెల్లగా తోయాలి. పుల్ల జారితే స్ప్రింగు చుట్టలు నలుగుతాయి, ఒకసారి నలిగితే దాన్ని మళ్లీ సమంగా తేవడం ఎంత చేయి తిరిగినవాళ్లకైనా కష్టమే.

జరిపాక ఫలితం చూడటానికి ఒకప్పుడైతే రేడియో టైముతో పోల్చి మర్నాటిదాకా ఆగాలి. ఇప్పుడు టైమ్‌గ్రాఫర్ ఉంది, అరనిమిషంలో చెప్పేస్తుంది. వాచీని దాని మైకు మీద బిగిస్తే టిక్కు శబ్దం వింటుంది. మన చెవికి ఒకటిగా వినిపించే టిక్కులో నిజానికి మూడు శబ్దాలు ఉంటాయి: బ్యాలెన్స్ చక్రం మీది కెంపు రాయి ఎస్కేప్‌మెంట్‌లోని ఫోర్కును తాకడం, అందులోనే ఉండే పళ్ల చక్రం (ఎస్కేప్ చక్రం) పన్ను తోపు ఇవ్వడం, ఫోర్కు చివరికెళ్లి ఆగడం. మొదటి శబ్దానికి, చివరి శబ్దానికి మధ్య ఎంత వ్యవధి ఉందో కొలిచి, చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో యంత్రం లెక్కగడుతుంది. సెకనుకు 6 సార్లు కొట్టే యంత్రంలో, ఈ పని జరిగే కోణం 52 డిగ్రీలు అనుకుంటే, వ్యవధి 10 మిల్లీసెకన్లయితే ఊపు సుమారు 276 డిగ్రీలు. అదే 13 మిల్లీసెకన్లయితే 212కి పడిపోయినట్టు. వేగంగా పోయే చక్రం ఆ కోణాన్ని తొందరగా దాటుతుంది, అంతే కిటుకు. డయల్ పైకి పెట్టినప్పుడు 270 నుంచి 310 మధ్య ఉంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఊపు తక్కువగా ఉంటే మీట జరిపి లాభం లేదు. నూనె ఎండిపోయిందో, ఎక్కువైందో, దుమ్ము చేరిందో చూడాలి. చవక యంత్రాల జబ్బు చాలాసార్లు డిజైన్‌లో ఉండదు, ఇక్కడే ఉంటుంది. ఫ్యాక్టరీలో హడావిడిగా బిగించేస్తారు, ఒకచోట నూనె చెమర్చి ఉంటుంది, ఇంకోచోట చుక్క కూడా ఉండదు. విప్పి, కడిగి, ఇరుసుల దగ్గర సూదిమొన మీద నిలిచేంత నూనె పెట్టి మళ్లీ బిగిస్తే అదే యంత్రం వేరే వాచీలా నడుస్తుంది.

వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల తరబడి ముందుకు పోతోందంటే ముందు అనుమానించాల్సింది అయస్కాంతాన్ని. ఫోను స్పీకరు, ల్యాప్‌టాప్ మూత, హ్యాండ్‌బ్యాగు బటను, కొండ మీద కొనుక్కొచ్చిన ఫ్రిజ్ బొమ్మ, అన్నిట్లోనూ అదే. హెయిర్ స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటే పొడవు తగ్గినట్టే కదా, వేగం పెరుగుతుంది. దిక్సూచి దగ్గరకు తెస్తే దాని ముల్లు కదిలిందా, దొరికిపోయినట్టే. డీమాగ్నెటైజర్‌తో అది క్షణాల్లో పోతుంది. దానికోసం ఎవరైనా పూర్తి సర్వీసు డబ్బులు అడిగితే ఇవ్వకండి.

ఎండ సంగతి చెప్పకుండా తిరుపతి వాచీ కథ పూర్తవదు. మామూలు ఉక్కు స్ప్రింగు వాడిన రోజుల్లో వేడి 1 డిగ్రీ పెరిగితే వాచీ రోజుకు సుమారు 11 సెకన్లు వెనకబడేది. వేడికి ఉక్కు బిరుసు తగ్గడమే ముఖ్య కారణం. ఏసీ గది 24 డిగ్రీలు, బయట మే నెల ఎండ 42 డిగ్రీలు. తేడా 18, అంటే రోజుకు మూడు నిమిషాలకు పైమాటే. దీనికి మందు కనిపెట్టినవాడు షార్ల్ ఎడ్వార్ గియోమ్. 1896లో వేడికి దాదాపు వ్యాకోచించని నికెల్ ఉక్కు ఇన్వార్‌ను, ఆ తర్వాత బిరుసు మారని ఎలిన్వార్‌ను తయారుచేసి, 1920లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. ఆ ఏడాదికి ముందే ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాలు రెండూ వచ్చేసి ఉన్నాయి. అయినా బహుమతి మిశ్రలోహాలు చేసినాయనకు దక్కింది! దాని మీద వాదించేవాళ్లు ఉండొచ్చు గానీ, ఎండలో బండి నడిపే మన ఊరివాళ్లు వాదించకూడదు. ఆ కోవకు చెందిన లోహాలే ఇప్పుడు చవక యంత్రాల్లోనూ వాడుతున్నారు. కాస్క్ పరీక్షలో డిగ్రీకి 0.6 సెకను తేడా వరకే ఒప్పుకుంటారు.

పైపై మార్పుల్లో డబ్బుకు న్యాయం చేసేది అద్దం. మామూలు మినరల్ గాజు కాఠిన్యం మోస్ కొలతలో 5.5 దగ్గర ఉంటుంది. రోడ్డు దుమ్ములోని ఇసుకరేణువు 7. గోడకు రాసుకున్న ప్రతిసారీ గీత పడేది అందుకే. కృత్రిమ సఫైర్ 9. రసాయనికంగా అది లోపల ఇరుసులకు బేరింగులుగా ఉండే కెంపులాంటిదే. రెండూ అల్యూమినియం ఆక్సైడే, కెంపులో కాస్త క్రోమియం కలుస్తుంది. కృత్రిమ కెంపులను మంటలో కరిగించి తీసే పద్ధతిని 1902లో ఒగూస్ట్ వెర్నోయ్ ప్రకటించాక ఆ రాళ్లు కారుచవక అయ్యాయి. సఫైర్‌కు ఒక లోపం ఉంది. వక్రీభవన గుణకం 1.77 కావడంతో ఒక్కో ముఖం మీద దాదాపు 8 శాతం కాంతి తిరిగొస్తుంది, గాజుకు అది 4 శాతమే. పూత లేని సఫైర్ వేస్తే మధ్యాహ్నం ఎండలో టైముకు బదులు ఆకాశం కనిపిస్తుంది.

చీకట్లో వెలిగే రంగు విషయానికొస్తే, చవక వాచీల్లో పూసేది తరచూ జింక్ సల్ఫైడ్. దీపం ఆర్పాక కాసేపటికే మసకబారుతుంది. జపాన్ నెమోటో కంపెనీ 1993లో తెచ్చిన స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడి అయితే తెల్లవార్లూ లీలగా కనిపిస్తుంది. అందులోని యూరోపియం వెలుగునిస్తుంది, డిస్ప్రోషియం శక్తిని పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది. ముళ్లకు దీన్ని పూయడానికి చేయి వణకకూడదు, ఫ్యాను ఆపేయాలి.

చెమట వల్ల రెండు నష్టాలు. కేసు 316ఎల్ స్టీలైతే అందులోని క్రోమియం, మాలిబ్డినం ఉప్పును తట్టుకుంటాయి. పూత వేసిన అలాయ్ అయితే పూత లేచిపోతుంది, కొందరికి నికెల్ పడక మణికట్టు దద్దురెక్కుతుంది. రెండోది, మూత తీసిన ప్రతిసారీ రబ్బరు వాషరు మీద అనుమానం పెట్టుకోవాలి. పది రూపాయల వాషరు నలిగితే తేమ లోపలికి చేరి ఇంత పనీ తుప్పుపాలవుతుంది. వెనక మూత మీద 30 మీటర్లని రాసి ఉన్నా పుష్కరిణిలో మాత్రం ముంచకండి.

ఇంత చేసినా ఒక తేడా మిగులుతుంది. చక్రంలో ఒకవైపు రవ్వంత బరువెక్కువ ఉంటే, వాచీ నిలువుగా ఉన్నప్పుడు భూమి ఆకర్షణ మళ్లీ జోక్యం చేసుకుంటుంది. ఆ బరువు కిందివైపు ఉండి, ఊపు 220 డిగ్రీలకు తక్కువైతే వాచీ ముందుకు పోతుంది, ఎక్కువైతే వెనకబడుతుంది, ఆ 220 దగ్గర ప్రభావం దాదాపు సున్నా. దీన్ని పూర్తిగా పోగొట్టాలంటే చక్రాన్ని విప్పి తూకం సరిచేయాలి, అది నిపుణుల పని. ఇంట్లో చేయగలిగింది వేరే ఉంది. రాత్రి వాచీ తీసి డయల్ పైకి పెడితే ఎంత, కీ పైకి పెడితే ఎంత, కీ కిందికి పెడితే ఎంత అని కొన్ని రోజులు ఫోను టైముతో పోల్చి రాసుకోవాలి. పగలు చేతికి ఉన్నప్పుడు 4 సెకన్లు ముందుకు పోయే వాచీ, కీ పైకి పెట్టి పడుకోబెడితే రాత్రికి 3 వెనకబడుతుందనుకోండి, ఆ లెక్కన తెల్లారేసరికి మిగిలేది ఒక్క సెకనే.