ఊక కింది మంచు

మంచు గురించి రాయడానికి సిరోంచలో కూర్చోవడం విడ్డూరమే. గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఉంది మా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మే నెలలో మాత్రం ఎవరి నోట విన్నా ఎండ మాటే. అయినా కంటికి కనబడని మంచును ఎలా పసిగట్టాలో నాకు మొదట తెలిసింది ఇక్కడే.

చిన్నప్పుడు పెళ్లిళ్లకు ఐసు దిమ్మలు తోపుడుబండి మీద వచ్చేవి. పైన గోనెపట్టా, దాని కింద జానెడు ఊక, ఊక నడుమ దిమ్మ. బండి మామ అటు తిరగగానే ఊకలో చేతులు దూర్చేవాళ్లం. పైపొర చుర్రుమనేది. వేళ్లు లోపలికి వెళ్లేకొద్దీ చల్లదనం తగిలేది. దూరం నుంచి చూసినవాడికి అది ఉత్త ఊక బండే.

ధ్రువాలు దాటి ఇవతలికి వస్తే, అంగారకుడి మంచు కూడా ఇలాగే మట్టి కింద దాక్కుని ఉంటుంది. అక్కడి గాలి పీడనం మన భూమి మీది దానిలో ఒక శాతం కూడా లేదు. బయటపడ్డ మంచు కరిగి నీరు కాదు, మూత తీసిన డబ్బాలో కర్పూరంలా హరించుకుపోతుంది. దుమ్ము కప్పుకున్నదే మిగులుతుంది. మరి పైనెక్కడో తిరిగే నౌకకు దాని సంగతి ఎలా తెలుస్తుంది?

తెల్లగా కనబడేదాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో ముందు చెప్పాలి. 1969 ఆగస్టులో మారినర్ 7 అనే అంతరిక్ష నౌక అంగారకుడి పక్కగా దూసుకుపోతూ దక్షిణ ధ్రువపు తెల్లటి టోపీని పరారుణ కిరణాల్లో, అంటే కంటికి కనబడని వేడి వెలుగులో, చూసింది. ఒక్కో పదార్థం ఆ వెలుగులో తనకు తగ్గ భాగాన్ని మింగి గీతల్లాంటి ఆనవాలు వదులుతుంది. అందులో కనిపించిన గీతలు మీథేన్, అమ్మోనియాలవని శాస్త్రవేత్త జార్జ్ పిమెంటల్ బృందం పత్రికలవారికి చెప్పేసింది. తీరా చూస్తే అవి గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ గీతలు. అదే, మన పాత పుస్తకాల బొగ్గుపులుసు వాయువు. తొందరపడ్డారు, నిజమే. కానీ పొరపాటును తామే ఒప్పుకుని సరిదిద్దుకున్నారు కాబట్టి నాకు ఆ బృందం మీద గౌరవమే. ఆ తెలుపు ఏమిటో చివరికి తేల్చింది ఉష్ణోగ్రత. అక్కడి కార్బన్ డయాక్సైడ్ మంచు సుమారు మైనస్ 125 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకు మించి వేడెక్కితే ఆవిరైపోవలసిందే. 1976లో వైకింగ్ నౌకలు ఉత్తర ధ్రువాన్ని వేసవిలో కొలిస్తే దాదాపు మైనస్ 68 తేలింది. అంత 'వెచ్చదనం'లో కార్బన్ డయాక్సైడ్ మంచు నిలవదు. కాబట్టి అక్కడ వేసవిలోనూ మిగిలి ఉన్నది నీటి మంచే.

ఇది కనబడే మంచు కథ. మట్టి కింది మంచు సంగతికి వస్తే, 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు మా ఊరికి వచ్చినవారికి దాని కిటుకు అరికాళ్లతోనే తెలిసి ఉంటుంది. మధ్యాహ్నం ఇసుక మీద అడుగు వేయలేం. పొద్దుగూకి రెండు గంటలయ్యేసరికి అదే ఇసుక మీద హాయిగా పడుకోవచ్చు. పక్కనే ఉన్న రాతి మెట్టు మాత్రం ఇంకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఇసుక రేణువులు ఒకదానికొకటి అక్కడక్కడా తాకుతాయి అంతే, మధ్యలో అంతా గాలి. వేడి కిందికి దిగదు. పైపొరే కాగుతుంది, పైపొరే చల్లారుతుంది. రాయి అలా కాదు. వేడిని లోపలిదాకా దించుకుని, తాపీగా తిరిగి ఇస్తుంది. ఈ మొండితనాన్ని ఉష్ణ జడత్వం అంటారు.

అంగారకుడి పొడిమట్టి మన ఇసుక కంటే తేలిగ్గా కాగి తేలిగ్గా చల్లారుతుంది, ఎందుకంటే రేణువుల మధ్య వేడిని మోయడానికి అక్కడ గాలి కూడా సరిగా లేదు. మంచుతో బిగిసిన నేల మాత్రం మన రాతి మెట్టు లాంటిది. వేసవి వేడిని మింగి కూర్చుంటుంది, చలి ముదిరే రోజుల్లో మెల్లగా వదులుతుంది. అందువల్ల పైనున్న మట్టి వేసవిలో కాస్త తక్కువగా వేడెక్కుతుంది, చలి మొదలయ్యాక కాస్త ఆలస్యంగా చల్లబడుతుంది. ఆ తేడా ఎంతుందో చూసి మంచు ఎంత లోతున ఉందో లెక్కకట్టవచ్చు. ఒక్క రోజు వేడి కొన్ని సెంటీమీటర్లు దాటి దిగదు కనుక, ఒక పగలూ ఒక రాత్రీ చూస్తే చాలదు, రుతువులు మారేదాకా కాపు కాయాలి. అక్కడ ఏడాదంటే మన లెక్కలో 687 రోజులు.

ఆ కాపలా కాసింది 2001లో బయల్దేరిన మార్స్ ఒడిస్సీ నౌక. దాని మీదున్న థెమిస్ అనే పరారుణ కెమెరా చేసే పనికీ, కరోనా రోజుల్లో మన నుదుటికి గురిపెట్టిన థర్మామీటరు చేసిన పనికీ సూత్రం ఒకటే. కాకపోతే ఇది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తు నుంచి, నేలను 100 మీటర్ల ముక్కలుగా చూస్తుంది. 2007లో జాషువా బ్యాండ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త ఈ కొలతలతో మంచు లోతు చోటుచోటుకూ ఎలా మారుతుందో నేచర్ పత్రికలో చూపించాడు.

లెక్కలు సరే, తవ్వి చూసిందెవరు? 2008లో ఫీనిక్స్ అనే నౌక అంగారకుడి ఉత్తరాన 68 డిగ్రీల అక్షాంశం దగ్గర దిగి కందకం తవ్వితే పాచికలంత తెల్లటి ముక్కలు బయటపడ్డాయి. నాలుగు రోజుల్లో మాయమయ్యాయి. ఉప్పయితే అలా పోదు. అదే ఏడాది కొత్తగా ఉల్కలు పడి ఏర్పడ్డ గుంతల్లోనూ తెల్లటి మచ్చలు కనిపించాయి. క్రిజం అనే మరో పరికరం వాటిలో నీటి మంచు ఆనవాలును గుర్తించింది. నీటి మంచు 1.5, 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ కాంతిని మింగేస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఆ మచ్చలూ వెలిసిపోయాయి.

2019లో వచ్చిన మరో పటం ప్రకారం కొన్ని చోట్ల ఆ మంచు నేలకు 2.5 సెంటీమీటర్ల లోతులోనే ఉంది. మా బండి మామ దిమ్మ మీద ఊక అంతకంటే మందంగానే పోసేవాడు.