"యాప్‌లో నలభయ్యే చూపిస్తోంది": కాలేజీ వీధుల్లో పార్టీ మోత గురించి అపోహలు, వాస్తవాలు

కాలేజీ చుట్టుపక్కల వీధుల్లో అద్దెకుండే విద్యార్థులకీ, అక్కడే ఏళ్ళ తరబడి ఉంటున్న కుటుంబాలకీ మధ్య శబ్దం గొడవ వచ్చినప్పుడు కొలతలు తీయడం, ఇరువైపులా మాట్లాడి ఒక దారికి తేవడం నా పని. ఈ పనిలో నాకు పదేపదే ఎదురయ్యేది ఒక స్క్రీన్‌షాట్. శబ్దం కొలిచే ఉచిత యాప్, అందులో 40 డెసిబెల్స్ దగ్గర ఆగిన ముల్లు. "చూడండి సార్, ఫ్యాన్ తిరిగినంత శబ్దం కూడా లేదు. ఆంటీ కావాలనే కంప్లయింట్ ఇస్తున్నారు" అంటారు. ఆ పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. ఆ ఆంటీ కూడా అబద్ధం చెప్పడం లేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియకపోవడం వల్లే చాలా ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోతున్నాయి. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

అపోహ: డెసిబెల్స్ తక్కువ చూపిస్తే పక్కింటికి ఇబ్బంది లేనట్టే.

ఫోన్ యాప్‌లు, మామూలు మీటర్లు సాధారణంగా శబ్దాన్ని ఏ-వెయిటింగ్ (A-weighting) అనే పద్ధతిలో లెక్కిస్తాయి. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవి బేస్‌ను, అంటే డ్రమ్ములాంటి లోతైన మోతను, పెద్దగా పట్టుకోదు. దాన్ని అనుకరిస్తూ మీటరు కూడా బేస్‌ను బాగా తగ్గించి చూపేలా ఈ లెక్క తయారైంది. ఎంత తగ్గిస్తుందంటే, 100 హెర్ట్జ్ (సెకనుకి 100 కంపనాలు) దగ్గర సుమారు 19 డెసిబెల్స్, 63 దగ్గర 26, 50 దగ్గర 30. డాన్స్ పాటల్లో డ్రమ్ దెబ్బ బలమంతా ఇంచుమించు ఈ 50-100 మధ్యే ఉంటుంది. పక్కింటి పడగ్గదిలోకి 50 హెర్ట్జ్ మోత 65 డెసిబెల్స్ బలంతో వచ్చిపడుతున్నా ఏ-వెయిటింగ్ లెక్కలో అది 35గా కనిపిస్తుంది. పైగా ఫోన్ మైకు మనిషి మాట కోసం చేసినది. బేస్‌ను అది సరిగా అందుకోను కూడా అందుకోదు. అంటే అసలు ఏ శబ్దం గురించి గొడవ జరుగుతోందో, ఆ శబ్దాన్నే ఈ స్క్రీన్‌షాట్ దాదాపు లెక్కలోకి తీసుకోలేదు.

ఇక గోడ సంగతి. గోడ ఎంత శబ్దాన్ని ఆపుతుందన్నది దాని బరువు మీదా, శబ్దపు ఫ్రీక్వెన్సీ మీదా, అంటే అది ఎన్ని హెర్ట్జ్ అన్నదాని మీదా ఆధారపడుతుంది. ఫ్రీక్వెన్సీ సగానికి పడిపోయిన ప్రతిసారీ గోడ ఆపే శక్తి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 1000 హెర్ట్జ్ దగ్గర 50 డెసిబెల్స్ ఆపగల గట్టి గోడ, 60 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి అందులో సగం ఆపితే గొప్ప. అందుకే పక్కింటికి పాట చేరదు, పదాలు చేరవు, గొంతు చేరదు. చేరేది దుడుం దుడుం ఒక్కటే. పాట వినబడితే కనీసం అది ఎప్పుడు అయిపోతుందో తెలుస్తుంది. ఈ దుడుం దుడుంకి మొదలూ చివరా ఉండవు. పడుకున్నవాళ్ళకి దిండులోంచి వస్తున్నట్టు ఉంటుంది.

కిటికీలు మూస్తే సరిపోతుందని విద్యార్థులు నిజాయితీగానే నమ్ముతారు. కిటికీలు మూస్తే మాటలు, పాటలోని సన్నని స్వరాలు తగ్గుతాయి. బేస్ పెద్దగా తగ్గదు. ఇంతసేపూ దాన్ని కాస్త కప్పి ఉంచిన మిగతా శబ్దాలు పోవడంతో ఒక్కోసారి ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. "కిటికీలు మూసినా ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది" అని నాతో చెప్పినవాళ్ళంతా దీన్ని తమ వైపు సాక్ష్యంగానే చూపిస్తారు. అది ఆవిడ చెప్పేదానికి సాక్ష్యం.

ఒక ఇంటి గోడకి అటు నలుగురు విద్యార్థులు, ఇటు ఒంటరిగా ఉండే ఒక రిటైర్డ్ టీచర్. పిల్లలు మంచివాళ్ళు. పది కాగానే వాల్యూమ్ తగ్గించేవాళ్ళు, తలుపులు వేసుకునేవాళ్ళు. ఆవిడకి అప్పటికీ నిద్ర పట్టేది కాదు. దూరంగా ఉండే కొడుకు "వయసు మీద పడింది కదమ్మా, చెవుల్లో మోత వినిపిస్తుందేమో, డాక్టరుకి చూపించుకో" అన్నాడట. నేను వెళ్ళేసరికి ఆవిడకి తన మీదే అనుమానం మొదలైంది. "బాబూ, నాకు నిజంగా వినబడుతోందా?" అని అడిగారు. నన్ను బాగా కలచివేసిన మాట అది. ఆవిడ పడగ్గదిలో మీటరు పెడితే ఏ-వెయిటింగ్‌లో 36 వచ్చింది. సి-వెయిటింగ్‌కి మార్చాను. ఇది బేస్‌ను దాదాపు తగ్గించకుండా చూపే లెక్క. 61 వచ్చింది. ఈ రెండింటి మధ్య తేడా 15, 20 దాటితే మా వృత్తిలో వెంటనే బేస్‌ను అనుమానిస్తాం.

సంఖ్యలు చెప్పి ఊరుకోలేదు. ఆ పిల్లల్లో ఇద్దరిని ఆవిడ గదిలోకి రమ్మన్నాను, పాట వాళ్ళింట్లో మోగుతూనే ఉంది. ఒకబ్బాయి బట్టల బీరువా తలుపు మీద చెయ్యి వేసి చూశాడు. అది అదురుతోంది. "సారీ అండీ, మాకు తెలీదు" అన్నాడు. ఆ తర్వాత ఇక వాదన లేదు. కొన్ని మార్పులు చేశాక ఆవిడకి అప్పుడప్పుడూ కాస్త వినబడుతూనే ఉండేది, కానీ నిద్ర పట్టేది.

చేసింది కూడా పెద్ద పనేమీ కాదు. సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే స్పీకరు) ఆ ఉమ్మడి గోడ మూలలో, నేల మీద ఉండేది. మూలలో పెడితే రెండు గోడలు, నేల కలిసి బేస్‌ను పెంచుతాయి. నేల మీద నేరుగా పెడితే అదురు కట్టడంలోకే దిగిపోతుంది. దాన్ని మూల నుంచీ, ఉమ్మడి గోడ నుంచీ దూరంగా జరిపించి, కింద మందపాటి రబ్బరు మెత్త వేయించాను. సౌండ్ సిస్టమ్‌లో స్వరాల హెచ్చుతగ్గులు సర్దే ఈక్వలైజర్‌లో బేస్ తగ్గించమన్నాను. పదింటి తర్వాత సబ్‌వూఫర్ స్విచ్ పూర్తిగా ఆపెయ్యడమే అన్నిటికన్నా మంచిది. ఇక్కడ ఒక మంచి విషయం ఉంది. మామూలు శబ్దం సగమైందని చెవికి అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి. బేస్‌కి అంత అక్కర్లేదు, 5 లేదా 6 తగ్గినా చాలా తేడా తెలుస్తుంది. పార్టీలో ఉన్నవాళ్ళు గమనించనంత చిన్న మార్పు పక్కింటివాళ్ళకి నిద్ర ఇవ్వగలదు.

ఈ అపోహకి ఎందుకింత చోటు ఇస్తున్నానంటే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. పక్కింటివాళ్ళ మీద అబద్ధాలకోరన్న ముద్ర పడుతుంది. విద్యార్థులకి తమని వేధిస్తున్నారన్న నమ్మకం బలపడుతుంది. తర్వాత ఫోన్లు ఎత్తరు. కంప్లయింట్లు ఇంటి ఓనరుకి, కాలేజీకి, పోలీసులకి వెళ్తాయి. పరీక్షల ముందు ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిన పిల్లల్ని చూశాను. స్క్రీన్‌షాట్ చూపించకండి. పార్టీకి ముందు రోజు పాట పెట్టి, అనుమతి అడిగి, పక్కింటి పడగ్గదిలో రెండు నిమిషాలు నిలబడండి.

అపోహ: మ్యూజిక్ ఆపేస్తే గోల ఆగిపోతుంది.

జనం గోల తక్కువేమీ కాదు. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో దీన్ని వివరించాడు, అందుకే దీన్ని లొంబార్ ఎఫెక్ట్ అంటారు. ఒకరు గొంతు పెంచితే పక్కవాడు ఇంకొంచెం, వాడిని దాటడానికి ఇంకొకడు ఇంకొంచెం. ఇరవై మంది ఉన్న గదిలోకి ఇంకో ఇరవై మంది వస్తే పెరగాల్సింది 3 డెసిబెల్సే, అదీ ఎవరూ గొంతు పెంచకపోతే. కానీ పెంచుతారు. మ్యూజిక్ పది దాకా గట్టిగా పెట్టి, తర్వాత హఠాత్తుగా ఆపితే జనం అదే గొంతుతో ఇంకాసేపు అరుస్తూనే ఉంటారు. మొదటి నుంచే మ్యూజిక్ తక్కువలో ఉంచితే గొంతులు కూడా కింద ఉంటాయి. బాల్కనీలో, డాబా మీద చేరే నలుగురు లోపలున్న నలభై మంది కంటే ఎక్కువ ఇబ్బంది పెడతారు, ఎందుకంటే వాళ్ళకీ వీధికీ మధ్య గోడ లేదు.

అపోహ: రాత్రి 10 లోపు ఏం చేసినా చెల్లుతుంది.

ఎవరు పుట్టించారో గానీ ఈ పుకారు అన్ని చోట్లా ఉంది. 10 అనేది చాలా దేశాల్లో నిబంధనలు కఠినమయ్యే సమయం. అంతవరకూ నిబంధనలే లేవని కాదు. భారతదేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని హద్దు పెట్టాయి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. సొంత ఇంట్లోని సౌండ్ సిస్టమ్ అయినా ఆ ఇంటి హద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితిని 5 డెసిబెల్స్‌కి మించి దాటకూడదు. "నా ఇల్లు, నా ఇష్టం" అనడానికి అక్కడ చోటు లేదు. జర్మనీలోనూ రాత్రి నిశ్శబ్ద వేళ సాధారణంగా 10 నుంచి 6. మీ ఊళ్ళో ఏముందో మీ స్థానిక నిబంధనల్లో చదువుకోండి, వాట్సాప్‌లో కాదు.

అపోహ: రెండు వీధుల అవతల వాళ్ళకి వినబడిందంటే అబద్ధమే.

నిజమే కావచ్చు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడుతుంది, పైన వెచ్చగా ఉంటుంది. అప్పుడు పైకి వెళ్ళే శబ్దం వంగి మళ్ళీ కిందికి దిగుతుంది. దానికి తోడు ట్రాఫిక్ ఉండదు. పగలు అదే దూరంలో వినబడనిది రాత్రి వినబడుతుంది.

అపోహ: కొన్నాళ్ళకి అలవాటు పడతారు.

మనసు కొంత అలవాటు పడవచ్చు. శరీరం అంతగా పడదు. నిద్ర లేవకపోయినా శబ్దానికి గుండె వేగం మారుతుంది, గాఢనిద్ర చెదురుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో యూరప్ కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత్రి వేళ ఇంటి బయట సగటు 40 డెసిబెల్స్ దాటకూడదని సూచించింది. పసిపిల్లలున్న ఇంట్లో తల్లి, నైట్ డ్యూటీ చేసొచ్చిన నర్సు, గుండె జబ్బున్న పెద్దాయన ఫిర్యాదు చేస్తే దాన్ని చాదస్తం అనకండి. మీరు ఆ ఫిర్యాదు చేసేవారైతే, మీకు ఓపిక లేదని ఎవరన్నా మీ మీద మీరు అనుమానం పెట్టుకోకండి.

అపోహ: గుడ్ల అట్టలు, ఫోమ్ అంటిస్తే శబ్దం బయటికి పోదు.

పోతుంది. ఫోమ్ గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, గోడ దాటే బేస్‌ను ఆపదు. గుడ్ల అట్టలు అది కూడా సరిగా చేయవు, పైగా నిప్పు అంటుకుంటే చాలా ప్రమాదం. దయచేసి వద్దు.

అపోహ: అర్ధరాత్రి వెళ్ళి తలుపు కొట్టి అడిగితేనే వింటారు.

అర్ధరాత్రి తలుపు తీసేది చాలాసార్లు ఆ ఇంట్లో ఉండేవాడు కూడా కాదు, ఎవరో వచ్చిన అతిథి. తాగి ఉండవచ్చు. మీరు కోపంతో ఉంటారు, నిద్ర లేక ఉంటారు. ఆ సమయంలో ఒంటరిగా వెళ్ళకండి. ఇంట్లో ఉండే ఒకరి నంబరు ముందే తీసుకుని ఉంటే ఒక మెసేజ్ చాలు. స్పందన లేకపోతే స్థానికంగా ఫిర్యాదు తీసుకునే నంబరుకి చేయండి. కొట్లాట, బెదిరింపు, ఎవరికైనా స్పృహ తప్పడం లాంటివైతే మొహమాటం లేకుండా వెంటనే అత్యవసర నంబరుకి చేయండి. అసలు మాట మాత్రం మర్నాడు మధ్యాహ్నం, ఇద్దరూ నిద్రపోయి లేచాక.

పోలీసులంటే విద్యార్థులకుండే భయం నాకు తెలుసు. కొన్ని ఊళ్ళు దీనికి మధ్యేమార్గం కనిపెట్టాయి. అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్‌లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ, నగరం కలిసి పార్టీలను ముందే నమోదు చేసుకునే పద్ధతి పెట్టాయి. ఫిర్యాదు వస్తే ముందు ఆ ఇంటివాళ్ళకి ఫోన్ చేస్తారు, ముగించడానికి 20 నిమిషాలు ఇస్తారు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. మీ ఊళ్ళో అలాంటిది లేకపోయినా మీ వీధిలో మీరు పెట్టుకోవచ్చు: తేదీ, ముగిసే సమయం, ఫోన్ ఎత్తే ఒకరి నంబరు కాగితం మీద రాసి, చుట్టూ ఉన్న ఇళ్ళకి రెండు రోజుల ముందు ఇచ్చి రావడం. ఆ నంబరు ఎవరిదో వాళ్ళు ఆ రాత్రి తాగకూడదు, ఫోన్ సైలెంట్‌లో పెట్టకూడదు.

అపోహ: ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, మాట్లాడి లాభం లేదు.

ఏటా కొత్తవాళ్ళు వస్తారు కాబట్టే ఏటా మాట్లాడాలి, అదీ మొదటి గొడవకి ముందు, వాళ్ళు సామాను దింపుకుంటున్న వారంలోనే. పేరు తెలిసిన మనిషి ఫోన్ చేస్తే ఎత్తుతారు. ఇంటి ఓనర్లు కూడా అద్దె ఒప్పందంలో సబ్‌వూఫర్ గురించి ఒక వాక్యం రాయించడం నేర్చుకోవాలి. "నాయిస్ చేయరాదు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

అపోహ: పార్టీ అయిపోతే సమస్య అయిపోయినట్టే.

నాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు పార్టీ అయిపోయిన అరగంటలోవే. రాత్రి ఒంటిగంటకి వీధిలో నిలబడి వీడ్కోళ్ళు, నవ్వులు, కారు తలుపుల దబదబ, స్టార్ట్ చేసి వదిలేసిన బైకులు. వీధి అప్పటికి నిశ్శబ్దంగా ఉంటుంది, కాబట్టి ప్రతి మాటా విడిగా వినబడుతుంది. దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. అందరినీ ఒకేసారి పంపకుండా నలుగురైదుగురిగా పంపండి. క్యాబ్ గేటు ముందుకి వచ్చాకే లోపలి నుంచి బయటికి రమ్మనండి. వీడ్కోళ్ళు తలుపు లోపలే చెప్పుకోమనండి. గేటు దగ్గర ఒకరిని నిలబెట్టండి, వాళ్ళు అరవకుండా చేత్తో సైగ చేస్తే చాలు.