అలర్ట్ మోగితే దొంగ దొరికినట్టేనా? సైబర్ భద్రతపై అపోహలు - వాస్తవాలు

సెక్యూరిటీ మానిటరింగ్ టీమ్‌లో నా పని లాగ్‌లు చదవడం. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ కంప్యూటర్ ఎక్కడికి కనెక్ట్ అయింది అన్నవి వాటిలో ఉంటాయి. ఈ పని గురించి నాకు పదేపదే ఎదురయ్యే మాటలు ఇవి.

అపోహ: 99 శాతం కచ్చితత్వం ఉన్న ఏఐ ఉంటే మనుషులతో పనిలేదు.

వాస్తవం: ఒక లెక్క వేయండి. రోజుకు 10 లక్షల లాగ్ ఎంట్రీలు వస్తాయనుకుందాం. వాటిలో నిజమైన దాడికి సంబంధించినవి 10. మిగతావాటిలో ఒక్క శాతాన్ని ఏఐ తప్పుగా అనుమానించినా దాదాపు 10 వేల తప్పుడు అలర్టులు. ఆ గడ్డివాములో పది సూదులు వెతకాలి. దాడులు అంత అరుదు కాబట్టే ఈ చిక్కు. అందుకే తప్పుడు అలర్టులను తగ్గించడానికే మా సమయం ఎక్కువ పోతుంది. 2013లో అమెరికా రిటైల్ సంస్థ ‘టార్గెట్’లోకి మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) చొరబడినప్పుడు భద్రతా సాధనం హెచ్చరించింది కూడా. సకాలంలో ఎవరూ కదల్లేదు. సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. అలర్టుల వరద ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నాను కనుక, ఆ సిబ్బందిని నిందించడానికి నాకు మనసొప్పదు.

అపోహ: ఖరీదైన సాధనం పెట్టాం, ఇక అన్నీ కనిపిస్తాయి.

వాస్తవం: అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌లోనూ ట్రాఫిక్‌ను (నెట్‌వర్క్‌లో వచ్చిపోయే డేటాను) తనిఖీ చేసే పరికరం ఉంది. దాని డిజిటల్ సర్టిఫికెట్ (ఆ తనిఖీకి కావలసిన గుర్తింపు పత్రం) గడువు తీరి నెలలు గడిచినా ఎవరూ మార్చలేదు. ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే రహస్య సంకేతాల్లోకి మార్చిన ట్రాఫిక్ తనిఖీ లేకుండానే దాటిపోయింది. 2017 జూలై చివర్లో కొత్త సర్టిఫికెట్ వేశాకే అనుమానాస్పద ట్రాఫిక్ కంటపడింది. అప్పటికి దొంగలు లోపలికొచ్చి రెండు నెలలు దాటింది. అందుకే పొద్దున డ్యాష్‌బోర్డు తెరవగానే ఏ సర్వర్ నుంచి లాగ్‌లు ఆగిపోయాయో ముందు చూస్తాను, అలర్టులు ఆ తర్వాతే.

అపోహ: ట్రాఫిక్ ఎన్‌క్రిప్ట్ అయితే విశ్లేషించడానికి ఏమీ మిగలదు.

వాస్తవం: కవరు విప్పకపోయినా ఎవరికి, ఎప్పుడు, ఎంత బరువుతో వెళ్లిందో తెలుస్తుంది. ఒకసారి లాగ్‌లో ఒకే చిరునామాకు వరుసగా ఈ సమయాలు కనిపించాయి: 2:00:04, 2:05:03, 2:10:05. అర్ధరాత్రి దాటాక, సీట్లో ఎవరూ లేనప్పుడు, ప్రతిసారీ అవే కొద్దిపాటి బైట్లు. మనిషి బ్రౌజింగ్‌కు ఇంత క్రమం ఉండదు. అప్‌డేట్ల కోసం చూసే మామూలు ప్రోగ్రామ్‌లూ ఇలాగే చేస్తాయి కాబట్టి ఏ ప్రోగ్రామో వెతికాం. మాల్‌వేరే. ఆదేశాల కోసం తన సర్వర్ తలుపు తడుతోంది.

అపోహ: డేటా ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

వాస్తవం: ముందు లాగ్‌లు పంపే పరికరాల గడియారాలు కలవాలి. ఒక కేసులో ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా కాసే పరికరం) గడియారం 7 నిమిషాలు వెనకబడి ఉంది. దొంగ లాగిన్ కాకముందే ఫైళ్లు బయటికి పోయినట్టు కనిపించింది. ఒక పూటంతా వేరే కంప్యూటర్ చుట్టూ తిరిగాం.

అపోహ: పెద్ద దాడులను పట్టాలంటే పెద్ద అల్గారిథమ్ కావాలి.

వాస్తవం: 2020లో ఫైర్‌ఐ అనే సైబర్ భద్రతా సంస్థలో ఒక ఉద్యోగి ఖాతాకు, లాగిన్ ధ్రువీకరణ కోసం రెండో ఫోన్ రిజిస్టరైనట్టు అలర్ట్ వచ్చింది. భద్రతా సిబ్బంది ఆ ఉద్యోగినే అడిగారు. తనది కాదన్న జవాబు వచ్చింది. ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది: సంస్థలు తమ నెట్‌వర్క్‌ల నిర్వహణకు వాడే సోలార్‌విండ్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోనే దొంగదారి ఉందని, ఆ అప్‌డేట్ దాదాపు 18 వేల సంస్థలకు చేరిందని బయటపడింది.