పచ్చి ఆయిస్టర్లు: నిమ్మకాయను నమ్ముకోకండి

హైదరాబాద్‌లో ఒక సీఫుడ్ రెస్టారెంట్ వంటగదిలో పదేళ్ళుగా ఆయిస్టర్ల (తినే సముద్రపు ఆల్చిప్పల) చిప్పలు తెరుస్తున్నాను. మొన్న శనివారం ఒక కుటుంబం నాలుగు రకాలు ఒకే పళ్ళెంలో రుచి చూడాలని అడిగింది. మంచు మీద పేరుస్తుంటే ఆ ఇంటి అమ్మాయి దగ్గరికొచ్చి, "నిమ్మచెక్కలు ఇంకొన్ని పెట్టండన్నా, నాన్నకు లివర్ జబ్బుంది, క్రిములన్నీ చావాలి" అంది. నా చేతిలో కత్తి ఆగిపోయింది.

అపోహ: నిమ్మరసమో, మిరప సాసో, పక్కన ఒక గ్లాసు వైనో ఉంటే క్రిములు చస్తాయి.

చావవు. ఎన్నిసార్లు చెప్పినా ఈ పుకారు మళ్ళీ నా బల్ల దగ్గరికే వస్తోంది. వెచ్చటి సముద్రపు నీటిలో విబ్రియో బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది. ఆయిస్టర్ నీటిని వడకట్టుకుని బతికే జీవి కాబట్టి ఆ నీటిలో ఉన్నదంతా దాని ఒంట్లో చేరుతుంది. మీరు పిండిన రసం పైపైన తడుపుతుంది, అంతే. ఆ బ్యాక్టీరియాలో విబ్రియో వల్నిఫికస్ అనే ప్రమాదకరమైన రకం చేరిన ఆయిస్టర్‌కు రంగు మారదు, వాసన రాదు, రుచి తేడా ఉండదు. రెండు చిప్పలను ఒకదానికొకటి తట్టి, బోలుగా మోగినదాన్ని చచ్చిందని నేను పక్కన పడేయగలను. బతికున్నదాని లోపల ఏముందో మాత్రం నేనూ చెప్పలేను.

ఆరోగ్యంగా ఉన్నవారికి విబ్రియో సోకినా సాధారణంగా వాంతులు, విరేచనాలతో తగ్గిపోతుంది. లివర్ జబ్బు, మధుమేహం, క్యాన్సర్ చికిత్స, రోగనిరోధక శక్తి తగ్గడం ఉన్నవారి సంగతి వేరు. వల్నిఫికస్ సోకిన ప్రతి 5 మందిలో సుమారు ఒకరు చనిపోతారు, కొందరు జబ్బుపడిన ఒకటి రెండు రోజుల్లోనే. విమానంలో వచ్చిన ఖరీదైన సరుకైనా, ఫ్రీజర్‌లో గడ్డకట్టించినా ఆ ప్రమాదం పోదు. ఇలాంటివారు, గర్భిణులు వండినవే తినాలి. చిప్పతో ఉడికిస్తే, చిప్ప తెరుచుకున్నాక మరో 3 నుంచి 5 నిమిషాలు మరగాలి. ఆవిరి మీదైతే 4 నుంచి 9 నిమిషాలు. తెరుచుకోనిదాన్ని పారేయండి.

"నిన్న రెండు తిన్నాను, ఏమవుతుందో" అని కంగారుగా ఫోను చేసేవారూ ఉన్నారు. ఆరోగ్యవంతులైతే ఊరికే బెంగపడకండి. జ్వరం, చలి, చర్మం మీద బొబ్బలు వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, పచ్చి ఆయిస్టర్లు తిన్న సంగతి మొదటే చెప్పండి.

మిగతావి

ముత్యాల ఊరు కదా, ముత్యాల బజారు పత్తర్‌గట్టి నుంచి వచ్చినవారు ముత్యం దొరుకుతుందా అని అడుగుతారు. స్వాతి చినుకు కథలోని ముత్యపు చిప్ప వేరు, పళ్ళెంలోకి వచ్చేది వేరు. రెండిటివీ వేర్వేరు కుటుంబాలు.

మొప్పలు ఆకుపచ్చగా ఉంటే కుళ్ళిందని తిప్పి పంపకండి. ఫ్రాన్స్‌లోని మారెన్-ఒలెరాన్ చెరువుల్లో పెరిగిన ఆయిస్టర్లకు అక్కడి నీలి సూక్ష్మ శైవలం (కంటికి కనిపించనంత చిన్న నాచు) వల్ల ఆ రంగు వస్తుంది. అక్కడ దానికే విలువ ఎక్కువ.

నమలకుండా మింగాలన్నది మరో మాట. మింగేస్తే నాలుగు రకాలు తెప్పించుకోవడం ఎందుకు? రెండు మూడు సార్లు నమలండి. పసిఫిక్ రకంలో కీరదోస వాసన తగులుతుంది. యూరప్ చదును రకం నమిలితే రాగి చెంబులో రాత్రంతా నిలిచిన నీళ్ళు తాగినట్టుంటుంది.

ఆ రాత్రి సంగతికి వస్తే, నాన్నగారి వాటా వెనక్కి తీసుకున్నాను. "అందరూ తింటుంటే నాకెందుకు వద్దు బాబూ?" అని ఆయన చిన్నబుచ్చుకున్నారు. పక్కన కూర్చుని విడమర్చి చెప్పాను. పసిఫిక్ రకం మరో ఆరు తీసి, చిప్పలతోనే ఆవిరి మీద పెట్టి, తెరుచుకున్నాక ఇంకో నాలుగు నిమిషాలు ఉంచి, వెన్న, వెల్లుల్లి, మిరియాలు వేసి ఇచ్చాను. కూతురు అలవాటుగా నిమ్మచెక్క అందించింది. "ఇక రుచికే పిండుకుంటానమ్మా" అంటూ తీసుకున్నారాయన.