వారానికో అలిపిరి ఎక్కిన కండక్టర్లు

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిన వెళితే 2,388. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లను నిద్రలో లేపి అడిగినా ఈ రెండు అంకెలూ తడుముకోకుండా చెబుతారు. తెల్లవారకముందే పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని బయలుదేరేవాళ్లు, మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తూ నడుం వంచి ఎక్కే ఆడవాళ్లు, మోకాళ్ల పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ల మీద ఎక్కేవాళ్లు ఏడాది పొడుగునా కనిపిస్తారు. దర్శనం అయి ఇంటికి చేరాక వీరిలో చాలామంది నోట వచ్చే మాట ఒకటుంది: ‘ఎక్కడా ఆగకుండా ఎక్కేశాను, నా గుండెకేం ఢోకా లేదు.’

మొక్కు సంగతి మొక్కుకే వదిలేద్దాం. గుండె సంగతి మాత్రం ఇంత తేలిగ్గా తేలేది కాదు. దాన్ని తేల్చడానికి పరిశోధకులు లక్షల మంది జీవితాలను దశాబ్దాల తరబడి లెక్కగట్టారు. ఆ లెక్కలు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో మొదలయ్యాయి.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటన్‌లో నడివయసు మగవాళ్లు గుండెపోటుతో ఎక్కువగా చనిపోతున్నారు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు 1949లో ఈ ప్రశ్నను పట్టుకున్నాడు. ఆసుపత్రిలో రోగులను పరీక్షించే పద్ధతిని పక్కనపెట్టి, ఉద్యోగాన్ని బట్టి మనుషులను విడదీసి చూశాడు. లండన్ రవాణా సంస్థలో 35 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న సుమారు 31 వేల మంది ఉద్యోగుల వివరాలు తీసుకున్నాడు. డ్రైవరు, కండక్టరు ఒకే బస్సులో పనిచేస్తారు, ఒకే ఊళ్లో ఉంటారు, ఇంచుమించు ఒకే తరగతి జీవితం గడుపుతారు. తేడా ఒక్కటే. డ్రైవరు డ్యూటీలో దాదాపు తొంభై శాతం సేపు కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ కింది అంతస్తుకూ పై అంతస్తుకూ తిరుగుతూనే ఉంటాడు. ఒక్కో కండక్టరు రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడని తేలింది.

ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. రోజుకు 600 మెట్లు చొప్పున ఆరు పనిరోజులకు 3,600. అంటే లండన్ కండక్టరు వారానికోసారి, కొన్నిసార్లు ఇంకా ముందే, అలిపిరి మెట్లన్నీ ఎక్కినట్టు. ఏళ్ల తరబడి వారం తప్పకుండా ఎక్కాడు, ఏ మొక్కూ లేకుండా, కేవలం జీతం కోసం.

1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు అచ్చయ్యాయి. గుండెజబ్బు కొత్తగా వచ్చినవారు ఏడాదికి వెయ్యి మంది డ్రైవర్లలో 2.7, కండక్టర్లలో 1.9. జబ్బు వచ్చిన కండక్టర్లలో కూడా తొలి దెబ్బకే ప్రాణం పోయినవారు తక్కువ. ఉత్తరాలు బట్వాడా చేసే పోస్టుమన్‌లను బల్లల ముందు కూర్చునే గుమస్తాలతో, టెలిఫోను ఆపరేటర్లతో పోల్చినా ఇదే తీరు కనబడింది.

అంతటితో ఊరుకుంటే ఇది మంచి కథగా మిగిలేది. మోరిస్ బృందం ఊరుకోలేదు. బహుశా లావుగా ఉన్నవాళ్లే డ్రైవరు ఉద్యోగం ఎంచుకుంటున్నారేమో అన్న అనుమానం వచ్చింది. నివృత్తి చేసుకోవడానికి వాళ్లు వెళ్లిన చోటు చూస్తే ముచ్చటేస్తుంది: యూనిఫాం రికార్డులు. సంస్థ ఉద్యోగులకు బట్టలు కుట్టించేది కాబట్టి ప్రతి ఒక్కరి ప్యాంటు నడుము కొలత రాసి ఉంది. 1956లో ఆ కొలతలు ప్రచురించారు. అనుమానం నిజమే. కుర్ర వయసు డ్రైవర్ల నడుము కూడా అదే ఈడు కండక్టర్ల నడుము కన్నా ఎక్కువ. తమ సిద్ధాంతానికి తామే గండి కొట్టుకున్నారన్నమాట. అయితే తర్వాతి ఏళ్లలో సన్నగా ఉన్నవారిని సన్నవారితో, లావుగా ఉన్నవారిని లావువారితో పోల్చి చూసినప్పుడు కూడా ఆకస్మిక మరణాలు కండక్టర్లలోనే తక్కువగా కనిపించాయి. ఇంత నిజాయితీగా సొంత లెక్కను తవ్వుకున్న పరిశోధనను మొదటిసారి చదివినప్పుడు నాకు ఫలితం కన్నా ఆ ప్యాంటు కొలతలే ఎక్కువ నచ్చాయి. మోరిస్ 99 ఏళ్లు బతికాడు. ఒక మనిషి ఆయుష్షు దేనికీ రుజువు కాదని ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

యూనిఫాం కొలతలు బయటపెట్టిన ఇబ్బంది ఈ రంగంలో ఇప్పటికీ ఉంది. ఉదయాన్నే ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో నడిచేవాళ్లను లెక్కపెట్టి, వారిలో షుగరు, బీపీ తక్కువని చూపించడం కష్టమేమీ కాదు. కానీ మోకాలి నొప్పి ఉన్నవాడు, ఆయాసం వచ్చేవాడు ఆ వేళకు ఇంట్లోనే ఉంటాడు. నడవడం వల్ల ఆరోగ్యం వచ్చిందా, ఆరోగ్యం ఉంది కాబట్టి నడవగలుగుతున్నారా? దీనికి పరిశోధకులు కొన్ని ఉపాయాలు కనిపెట్టారు. అధ్యయనం మొదలయ్యేటప్పటికే జబ్బున్నవారిని పక్కనపెడతారు. మొదటి రెండు మూడేళ్లలో జరిగిన మరణాలను లెక్కలోంచి తీసేస్తారు, లోపల దాగి ఉన్న జబ్బు ముందే మనిషిని కూర్చోబెట్టి ఉండవచ్చని.

అమెరికాలో రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ చేసిన పని ఇంకో మెట్టు పైకి వెళ్లింది. హార్వర్డ్‌లో చదివిన సుమారు 17 వేల మంది పూర్వ విద్యార్థుల అలవాట్లను ఏళ్ల తరబడి ప్రశ్నపత్రాలతో సేకరించాడు. 1978లో వెలువడిన ఫలితం ప్రకారం, వారానికి 2,000 కేలరీల కన్నా తక్కువ శ్రమ చేసేవారికి గుండెపోటు ముప్పు, అంతకు మించి చేసేవారి కన్నా 64 శాతం ఎక్కువ. ఇందులో అందరూ మరిచిపోయే భాగం ఇంకొకటి ఉంది. కాలేజీ రోజుల్లో ఆటల్లో పతకాలు కొట్టి, తర్వాత కుర్చీకి అతుక్కుపోయినవారికి పాత ఆట ఏ రక్షణా ఇవ్వలేదు. కాలేజీలో బంతి ముట్టకపోయినా తర్వాత కదలడం మొదలుపెట్టినవారికి మేలు కలిగింది. పాఫెన్‌బార్గర్ కూడా తన లెక్కలను తానే నమ్మి 45 ఏళ్ల వయసులో పరుగు మొదలుపెట్టాడు.

ఈ కొలబద్దతో కొండను చూద్దాం. అలిపిరి నుంచి పైకి ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. 60 కిలోల మనిషిని అంత ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి దాదాపు 100 కేలరీలు. కండరాలు తిన్న తిండిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుస్తాయి, మిగతాది వేడిగా పోతుంది. గాలిగోపురం చేరేసరికి చొక్కా తడిసి ముద్దయ్యేది అందుకే. కాబట్టి ఎత్తుకే 400 నుంచి 500 కేలరీలు ఖర్చు, ముందుకు నడిచినందుకు మరికొన్ని. మొత్తం కలిపినా పాఫెన్‌బార్గర్ చెప్పిన వారం కోటాలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు. ఏడాదికి ఒక్క వారంలో మూడో వంతు. పైన తిన్న లడ్డూల లెక్క ఇందులో కలపలేదు.

ఒకసారి పడ్డ శ్రమ ఫలం నిల్వ ఉండకపోవడానికి కారణం కండరంలోనే ఉంది. కండరం ముడుచుకున్నప్పుడల్లా గ్లట్-4 అనే ప్రొటీన్ కణం లోపలి నుంచి పైపొరకు వచ్చి రక్తంలోని గ్లూకోజ్‌ను లోపలికి చేరవేస్తుంది. దీనికి ఇన్సులిన్ పిలుపు అవసరం లేదు. ఇన్సులిన్ సరిగా పనిచేయని మనిషిలో కూడా ఈ దారి తెరిచే ఉంటుంది. కదలిక ఆగాక కూడా కండరం ఇన్సులిన్‌కు మామూలు కన్నా బాగా స్పందిస్తుంది, కానీ ఆ గుణం నిలిచేది ఒకటి రెండు రోజులే. షుగరు ఉన్నవారు వరసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. బ్రహ్మోత్సవాలకు ఎక్కిన కొండ సంక్రాంతికి పనికిరాదు.

గమనించి లెక్కపెట్టడం ఒకటి, మార్చి చూడటం మరొకటి. తిరుపతి నుంచి బస్సులో కొన్ని గంటల దూరంలో ఉన్న చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఆ రెండో పని చేసింది. షుగరు వ్యాధికి అంచున ఉన్న 531 మందిని గుంపులుగా విడదీసి మూడేళ్లు గమనించారు. ప్రత్యేక సలహా ఏదీ అందని గుంపులో 55 శాతం మందికి షుగరు వచ్చేసింది. రోజుకు అరగంట చురుగ్గా నడవమని, తిండి మార్చుకోమని చెప్పిన గుంపులో 39 శాతానికి వచ్చింది. ఫలితాలు 2006లో వచ్చాయి. విచిత్రమేమిటంటే, ఈ గుంపు బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, అయినా ముప్పు తగ్గింది. తక్కెడ ముల్లు కదలడం లేదని నడక మానేసేవాళ్లకు ఈ ఒక్క విషయం చెప్పాలనిపిస్తుంది. మరో మాట: అప్పటికే ఒంటి కష్టం చేసేవారికి ఈ పరిశోధకులు కొత్తగా నడక అంటగట్టలేదు, చేస్తున్నదే కొనసాగించమన్నారు.

మరి ఒంటి కష్టాన్ని కొలిచేదెలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇందుకోసం ఒక ప్రశ్నావళి తయారుచేసింది. పని, ప్రయాణం, తీరిక వేళ అంటూ మూడు భాగాల్లో శ్రమను అడుగుతుంది, చివర కూర్చునే సమయాన్ని అడుగుతుంది. చంద్రగిరి దగ్గర ఏదో పల్లెలో, పాడి ఉన్న ఇంట్లో ఈ ప్రశ్నలు అడుగుతున్నట్టు ఊహించండి. ‘అమ్మా, మీరు వ్యాయామం ఏమైనా చేస్తారా?’ అని సర్వే చేసే అమ్మాయి అడుగుతుంది. ‘అదెక్కడ తల్లీ, మాకు తీరికెక్కడిది?’ అంటుంది యాభై ఏళ్ల ఆవిడ. అప్పటికే ఆమె రెండు ఆవుల పాలు పితికి, పేడ ఎత్తి, గడ్డిమోపు తెచ్చి, పాలు కేంద్రంలో పోసి వచ్చింది. తీరిక వేళ గడిలో సున్నా పడుతుంది. పని గడిలో ఎంత పడాలి? ఒక్కో పనీ ఐదారు నిమిషాలది. కనీసం పది నిమిషాలు ఏకధాటిగా చేస్తేనే లెక్క అని ఈ ప్రశ్నావళి చాలాకాలం షరతు పెట్టింది. ముక్కలు ముక్కలుగా రోజంతా కదిలే ఆడవాళ్ల శ్రమ ఆ జల్లెడలోంచి జారిపోయింది. 2020 మార్గదర్శకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పది నిమిషాల నియమాన్ని తీసేసింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ, ఎలా కూడబెట్టినా సరే అంది.

ఈ లోపాలను గుర్తుంచుకునే మన దేశపు అంకెలు చదవాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అనే షుగరు వ్యాధి అధ్యయనం నాలుగు ప్రాంతాల్లో 14 వేల పైచిలుకు మందిని అడిగి 2014లో చెప్పిన ప్రకారం 54 శాతం మంది తగినంత కదలడం లేదు. పట్టణాల్లో 65 శాతం, పల్లెల్లో కూడా 50 శాతం. తీరిక వేళ వ్యాయామం చేసేవారు పదిమందిలో ఒకరు కూడా లేరు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు వేసిన అంచనాలో భారతీయ పెద్దల్లో దాదాపు సగం మంది చాలినంత శ్రమ చేయనివారే, మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం. 2000లో ఇది 22 శాతం. పెరుగుదల నిజమేనని నేను నమ్ముతాను. నూరే యంత్రం, ఉతికే యంత్రం, గడప దగ్గరి స్కూటరు పల్లెకు కూడా వచ్చాయి. ఆడవారి అంకె మీద మాత్రం నాకు అంత గురి లేదు.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. పొట్టకూటి శ్రమ, ఇష్టపడి చేసే వ్యాయామం ఒకే ఫలితం ఇస్తాయా? కోపెన్‌హాగన్‌లో లక్షకు పైగా పెద్దలను గమనించిన అధ్యయనం 2021లో ఇవ్వవని చెప్పింది. తీరిక వేళ శ్రమ పెరిగేకొద్దీ గుండె ముప్పు తగ్గింది, ఉద్యోగంలో బరువు పని పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది. మనదేశంతో సహా 17 దేశాల్లో సాగిన ప్యూర్ అధ్యయనం 2017లో వేరే మాట చెప్పింది: పని, ప్రయాణం, ఇంటి చాకిరీ రూపంలోని శ్రమ కూడా ఆయుష్షుకు మేలే. ఇద్దరిలో ఒకరు తప్పని తేల్చేయడం తొందరపాటు. వ్యాయామంలో అలసిపోతే ఆగవచ్చు, మర్నాడు విశ్రాంతి తీసుకోవచ్చు. బరువులు మోసే హమాలీకి ఆ వెసులుబాటు లేదు. గంటల తరబడి గుండె వేగం, రక్తపోటు దిగకుండా ఉంటాయి, దానికి తోడు నిద్ర తక్కువ, వైద్యం అందుబాటు తక్కువ. సొంత పొలంలో సొంత వేళకు చేసే పని వేరు.

చిత్తూరు జిల్లాలో ఈ తేడా నెలను బట్టి కూడా మారుతుంది. తోతాపురి మామిడి కాపు దిగే రోజుల్లో గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టంతా నిలబడి కాయలు కోసే మనిషి, అంతకుముందు ఎండాకాలంలో ఉపాధి హామీ పనికి గుంత తవ్వి ఉంటుంది, వానలు పడ్డాక వేరుశనగ చేలో కలుపు తీస్తుంది, ఆ పైన కొన్ని వారాలు ఏ పనీ దొరక్క ఇంటి పట్టునే ఉంటుంది. ప్రశ్నావళి మాత్రం ‘మామూలు వారంలో’ అని అడుగుతుంది. ఇక్కడ ఎవరైనా ఈ సర్వే చేయదలిస్తే ఒకే ఇంటికి కనీసం రెండు కాలాల్లో వెళ్లాలి, పని గడిలో నిమిషాలతో పాటు మధ్యలో కూర్చునే వీలుందా లేదా అన్నది కూడా అడగాలి. కూలీ డబ్బులు రోజుకా, కాయల బుట్టకా అన్న ప్రశ్న కూడా నేనైతే చేరుస్తాను, ఎందుకంటే బుట్టకు కూలీ అయితే ఎవరూ మధ్యలో కూర్చోరు.